నడక ఒక్కటే చాలదా? బరువుల వ్యాయామంపై తరచుగా అడిగే ప్రశ్నలు

అనంతపురంలో వ్యాయామోపాధ్యాయుడిగా పనిచేసిన రోజుల్లోనూ, ఇప్పుడు ఆర్ట్స్ కళాశాల మైదానంలో పొద్దున్నే నడుస్తున్నప్పుడూ నన్ను ఆపి అడిగే సందేహాలు ఇంచుమించు ఇవే. అడిగే మనిషి మారుతున్నాడు గానీ ప్రశ్న మారడం లేదు. అందుకని వాటిని అడిగినవారి మాటల్లోనే ఉంచి, ఒక్కొక్కదానికి అక్కడికక్కడే ముగిసే జవాబు రాశాను. ఎవరికి ఏది కావాలో దాన్ని మాత్రమే చదువుకున్నా ఇబ్బంది ఉండదు.

## మొదలుపెట్టక ముందు

సార్, నేను రోజూ గంటసేపు నడుస్తాను. ఇంకా బరువులు ఎత్తాల్సిన పనేముంది?

నడక గుండెకు, ఊపిరితిత్తులకు, రక్తపోటుకు, మనసుకు మంచిది. దాన్ని మానమని ఎవరూ అనరు. అయితే నడక కండరాన్ని దాని శక్తి అంచు దాకా తీసుకువెళ్లదు, ఆ అంచు దాకా వెళ్లని కండరం వయసుతోపాటు తరుగుతూనే ఉంటుంది. ముప్పై దాటాక పదేళ్లకు సుమారు 3 నుంచి 8 శాతం కండ తగ్గుతుందని, అరవై దాటాక ఆ తరుగు వేగం పెరుగుతుందని అంచనా. మైదానంలో ఎనిమిది రౌండ్లు చకచకా తిరిగిన పెద్దమనుషులు తర్వాత చెట్టు కింద నేల మీద కూర్చుని కబుర్లు చెప్పుకుంటారు. లేచేటప్పుడు చూడండి: ఒక చేయి మోకాలి మీద, ఇంకో చేయి పక్కవాడి భుజం మీద ఉంటుంది. ఆ లోటు రౌండ్లు పెంచితే తీరేది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల్లో కూడా పెద్దలకు నడక వంటి వ్యాయామంతోపాటు ప్రధాన కండరాలన్నింటికీ పని చెప్పే వ్యాయామం వారానికి కనీసం రెండు రోజులు ఉండాలని ఉంది. చాలామంది ఆ సూచనల్లో మొదటి సగమే విన్నారు.

ఉద్యోగం చేసుకునేవాడికి వీలయ్యే లెక్క చెప్పండి. వారానికి ఎన్ని రోజులు, ఎంతసేపు?

మధ్యస్థ వేగంతో చేసే నడక, సైకిలు, ఈత వంటివి వారానికి 150 నుంచి 300 నిమిషాలు, బరువులు రెండు రోజులు అనేది పెద్దలకు చెప్పిన కొలత. సోమ, గురువారాల్లో నలభై నిమిషాలు బరువులు పెట్టుకుని, మిగిలిన నాలుగు రోజులు నలభై నిమిషాల చొప్పున వేగంగా నడిస్తే 160 నిమిషాలవుతుంది, ఆదివారం విశ్రాంతి మిగులుతుంది. నడక వేగం సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి గడియారం అక్కరలేదు: పక్కవారితో మాట్లాడగలగాలి గానీ పాట పాడడానికి ఊపిరి చాలకూడదు. బరువుల రోజులు రెండింటి మధ్య కనీసం ఒక రోజు ఎడం ఉండాలి. మూడో రోజు కుదిరితే మంచిదే. కుదరలేదని రెండు రోజులూ వదిలేయడం మాత్రం తెలివైన పని కాదు.

బరువుల వ్యాయామం అంటే జిమ్‌కే వెళ్లాలా? నెల ఫీజు కట్టే స్తోమత లేదు.

అక్కరలేదు. కండరానికి ఎదురు బలం కావాలి, అది ఇనుము నుంచి వచ్చిందా, బియ్యం సంచి నుంచి వచ్చిందా అనేది దానికి తెలియదు. మన పల్లెల్లో రాతి గుండు ఎత్తిన, ఇరుసు ఎత్తిన మనుషులు జిమ్ మొహం చూసినవారు కాదు. బస్కీలు, గోడకు ఆనుకుని చేసే పుషప్‌లు, రెండు చేతులా బరువు పట్టుకుని నడవడం, ఇవన్నీ ఇంట్లోనే చేయవచ్చు. ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్ నిండుగా ఉంటే ఇరవై కిలోలు, సగం ఉంటే పది. అంతకన్నా చవకైన సామగ్రి లేదు. జిమ్‌లో ఉన్న నిజమైన సౌకర్యం ఏమిటంటే బరువును రెండున్నర కిలోల చొప్పున కొద్దికొద్దిగా పెంచుకోగలగడం. ఇంట్లో చేసేవారు ఆ పెంపుదలను నీళ్ల మట్టంతోనో, లెక్క పెంచడంతోనో సాధించాలి.

ఆడవాళ్లు బరువులు ఎత్తితే మగవాళ్లలా కండలు తిరుగుతాయా?

తిరగవు. పెద్ద కండలకు తోడ్పడే టెస్టోస్టెరాన్ అనే హార్మోను స్త్రీల శరీరంలో పురుషులతో పోలిస్తే చాలా తక్కువ. స్త్రీలకు బలం మాత్రం బాగా పెరుగుతుంది, ఒళ్లు బిగువుగా ఉంటుంది. శ్రీకాకుళం జిల్లా ఆడబిడ్డ కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచింది. ఒలింపిక్ పతకం తెచ్చిన తొలి భారతీయ మహిళ ఆమే. ఆ స్థాయికి చేరడానికి ఏళ్ల తరబడి రోజంతా సాధన కావాలి, వారానికి రెండు రోజులతో పొరపాటున జరిగిపోయేది కాదు. ఇంకో మాట. నిండు గ్యాస్ సిలిండరు, లోపలి 14.2 కిలోల గ్యాసూ ఇనుమూ కలిపి, ముప్పై కిలోల దాకా తూగుతుంది. దాన్ని వంటింట్లోకి ఈడ్చుకువెళ్లే ఇల్లాలే జిమ్‌లో ఐదు కిలోల డంబెల్ అంటే భయపడుతుంది. నెలసరి ఆగిన తర్వాత ఎముకలు వేగంగా పలుచబడతాయి కాబట్టి, ఈ వ్యాయామం ఎవరికి ఎక్కువ అవసరమని అడిగితే నేను ముందుగా నలభై ఐదు దాటిన స్త్రీల వైపే చూపిస్తాను.

మా అబ్బాయికి పద్నాలుగేళ్లు. ఇప్పుడే బరువులు ఎత్తితే పొడవు పెరగడం ఆగిపోతుందా?

ఆగిపోదు. సరైన పద్ధతి నేర్పే మనిషి దగ్గరుండి, తేలికపాటి బరువులతో చేయిస్తే ఎదుగుదలకు నష్టం లేదు. ఎవరు ఎక్కువ ఎత్తుతారో చూద్దామనే పందాలు మాత్రం ఆ వయసులో వద్దు.

పొద్దున్నుంచి సాయంత్రం దాకా చేలోనే ఉంటాను. నాకూ ఇది అవసరమా?

మిగతావారికి ఉన్నంత అవసరం మీకు లేదు. వేరుశనగ పీకే రోజుల్లో, బస్తాలు బండికెత్తే రోజుల్లో మీకు కావలసింది విశ్రాంతి, నిద్ర, కడుపునిండా తిండి. కాకపోతే చేలో పని ఒకే తీరులో ఒంటిని అరగదీస్తుంది: గంటల తరబడి ముందుకు వంగడమే గానీ వెనక్కి లాగే పని తక్కువ. పనులు లేని నెలల్లో వారానికి రెండుసార్లు తాడుతోనో, రబ్బరు పట్టీతోనో వెనక్కి లాగే వ్యాయామం, బోర్లా పడుకుని ఛాతీ పైకెత్తే వ్యాయామం చేస్తే నడుము, భుజాలు నిలబడతాయి.

## మొదటి మూడు నెలలు

జిమ్‌లో సోమవారం ఛాతీ, మంగళవారం చేతులు అంటున్నారు. మొదటి రోజు అసలు ఏం చేయాలి?

ఆ విభజన పోటీల కోసం ఒంటిని తీర్చిదిద్దుకునేవారిది. వారానికి రెండు మూడు రోజులు వచ్చే మనిషి ఆ పద్ధతి పెట్టుకుంటే, ఏ రోజు రాలేకపోయాడో ఆ భాగం పదిహేను రోజులు ఎండిపోతుంది. అది సాధారణంగా కాళ్ల రోజే అవుతుందని అనుభవం మీద చెబుతున్నాను. వచ్చిన ప్రతిరోజూ ఒళ్లంతటికీ పని చెప్పండి. కదలికలు ఐదు చాలు: కూర్చుని లేవడం, తుంటి దగ్గర వంగి కింది నుంచి ఎత్తడం, ఎదురుగా నెట్టడం, తన వైపు లాగడం, బరువు పట్టుకుని నడవడం. ఒక కదలికను ఆగకుండా వరుసగా ఎనిమిది నుంచి పన్నెండు సార్లు చేస్తే అది ఒక సెట్టు. మొదటి రెండు వారాలు ఒక్కొక్కటి రెండు సెట్లు, తర్వాత మూడు సెట్లు చేయవచ్చు. ముందు ఐదారు నిమిషాలు చురుగ్గా నడిచి ఒళ్లు వేడెక్కించుకుని, మొదటి సెట్టును సగం బరువుతో చేయాలి.

ఎంత బరువుతో మొదలుపెట్టాలి?

ఎనిమిది నుంచి పన్నెండు సార్లు ఎత్తగలిగి, ఆపేసరికి ఇంకో రెండుసార్లు ఎత్తగలననే నమ్మకం మిగిలే బరువు మీ బరువు. ఇరవైసార్లు ఎత్తినా చెమట పట్టకపోతే అది తక్కువ. ఐదోసారికే నడుము వంకర పోతుంటే అది ఎక్కువ. వరుసగా రెండు రోజులు అన్ని సెట్లలోనూ పన్నెండు పూర్తయితే రెండున్నర కిలోలు పెంచండి, పెంచిన రోజు లెక్క మళ్లీ ఎనిమిదికి దిగినా పర్వాలేదు. పోటీల్లో పురుషులు వాడే రాడ్ 20 కిలోలు, స్త్రీలది 15 కిలోలు. మన ఊళ్లలోని జిమ్‌ల రాడ్లన్నీ ఆ కొలతవి కావు కాబట్టి ఒకసారి తూకం వేసి, ఆ అంకెను పుస్తకంలో రాసుకోండి. పుస్తకం అంటే రెండు వందల పేజీల నోట్‌బుక్ అక్కరలేదు, పాత డైరీ చాలు. రాసుకోనివాడు ఆరు నెలలు అదే బరువు ఎత్తుతూ ఉండిపోతాడు.

కింది నుంచి ఎత్తేటప్పుడు నడుము పట్టేస్తోంది. ఈ వ్యాయామం మానేయనా?

వ్యాయామాన్ని కాదు, ఎత్తే తీరును మార్చాలి. చాలామంది వెన్నును విల్లులా వంచి, బరువును ఒంటికి మూరెడు దూరంలో ఉంచి లేస్తారు. ఇంట్లో చీపురు కర్ర ఒకటి తీసుకోండి. దాన్ని వీపు మీద నిలువుగా పట్టుకుంటే తల వెనక భాగానికి, భుజాల నడిమికి, పిరుదుల పైన ఎముకకు, ఈ మూడు చోట్లా తగులుతుంది. ఆ మూడు తాకిళ్లూ తప్పకుండా మోకాళ్లను కొద్దిగా మడిచి, చేతులు నిండుగా ఉన్నప్పుడు తలుపును పిరుదులతో మూసినట్టు, తుంటిని వెనక్కి నెడుతూ వంగండి. తొడల వెనక కండరాలు లాగినట్టు అనిపిస్తే సరిగా వంగుతున్నారన్నమాట. నడుములో లాగితే కర్ర ఎక్కడో ఊడింది. వారం రోజులు కర్రతో, తర్వాత ఖాళీ బకెట్‌తో, ఆపైన నీళ్లున్న బకెట్‌తో చేసి అప్పుడు రాడ్ దగ్గరికి రండి. రాడ్ కాళ్లను రాసుకుంటూ పైకి రావాలి. మెత్తటి బూట్లు అడుగును ఊగిస్తాయి, పలుచని అడుగున్నవి మేలు.

ఈ పాఠం నాకు ఖరీదుగానే వచ్చింది. ముప్పై దాటిన కొత్తలో ఒక జిమ్‌లో పక్కవాడు ఎత్తాడు కదా అని, ఒళ్లు వేడెక్కకుండానే అదే బరువు పట్టాను. నేర్పే మనిషి అక్కడే ఉండి ఫోను చూసుకుంటున్నాడు, నేనూ ఆయనను అడగలేదు. మూడు వారాలపాటు చెప్పులు తొడుక్కోవడానికి వంగలేకపోయాను. నొప్పి కాలి కిందికి పాకుతుంటే, తిమ్మిరి గానీ, మూత్రం మీద పట్టు తప్పడం గానీ ఉంటే ఇంటి చిట్కాలతో కాలం గడపకుండా వెంటనే వైద్యుడిని కలవాలి.

మర్నాడు మెట్లు దిగలేకపోయాను. నొప్పులుంటే ఆపేయాలా?

కొత్తగా చేసిన పనికి కండరం ఒకటి నుంచి మూడు రోజులు నొప్పెట్టడం మామూలే; నడక, గోరువెచ్చని నీళ్ల స్నానం హాయినిస్తాయి, రెండోసారికి ఆ నొప్పి చాలావరకు తగ్గుతుంది. కీలులో సూది గుచ్చినట్టుండే నొప్పి, వాపు ఉంటే ఆ కదలిక ఆపాలి. విపరీతంగా చేసిన మర్నాడు మూత్రం కాఫీ డికాషన్ రంగులో వస్తే అది కండరం చితికి మూత్రపిండాల మీద భారం పడుతున్న గుర్తు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

నెల రోజులైంది. అద్దంలో ఏ మార్పూ కనపడటం లేదు.

మొదటి నెలలో పెరిగే బలం ఎక్కువగా నరాలది. ఉన్న కండరాన్నే మెదడు మరింత బాగా వాడుకోవడం నేర్చుకుంటుంది. కంటికి కనిపించే మార్పుకు రెండు మూడు నెలలు పడుతుంది. అద్దం బదులు డైరీ చూడండి.

## తిండి, ఎండ, ఉపవాసం

రాగి సంగటి తింటే బలం రాదా? ప్రొటీన్ పొడి కొనాల్సిందేనా?

సంగటి మంచి తిండి, అయితే నూరు గ్రాముల రాగిపిండిలో ఉండే మాంసకృత్తులు సుమారు ఏడు గ్రాములే. బలం సంగటి పక్కన ఏముందన్న దాని మీద ఆధారపడుతుంది: ఊరిమిండి మాత్రమే ఉంటే ఒక లెక్క, పప్పో, ఉలవచారో, నాటుకోడి పులుసో ఉంటే ఇంకో లెక్క. భారతీయులకు రోజుకు కిలో శరీర బరువుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలన్నది జాతీయ పోషకాహార సంస్థ కొలత. అరవై కిలోల మనిషికి యాభై గ్రాములు. బరువులు ఎత్తేవారు కిలోకు 1.2 గ్రాముల పైన పెట్టుకుంటే మంచిది, అంటే డెబ్బై రెండు గ్రాములు.

రెండు గుడ్లకు పన్నెండు, పావు లీటరు గ్లాసుల చొప్పున రెండు గ్లాసుల పాలకో పెరుగుకో పదహారు, రోజు మొత్తం మీద నూరు గ్రాముల పప్పుకు ఇరవై రెండు, గుప్పెడు వేరుశనగ గింజలకు ఏడు, మిగిలింది సంగటి, జొన్నరొట్టె, అన్నం నుంచి వస్తుంది. డబ్బా కొనకుండానే లెక్క తేలింది. ఉదయం ఉగ్గాని, బజ్జీ తిని వ్యాయామం చేశాం కదా అనుకునేవారికి మాత్రం ఒక మాట: బొరుగుల్లో, మిరపకాయ బజ్జీలో కండకు పనికొచ్చేది బహు తక్కువ, పక్కన రెండు ఉడికించిన గుడ్లు పెట్టుకోండి. వేరుశనగ మన పంటే అయినా అందులో సగానికి దగ్గరగా నూనె ఉంటుంది కాబట్టి గుప్పెడు దాటితే బరువు పెరుగుతారు. కండ పెంచుకోవడానికి ప్రొటీన్ పొడులు వాడవద్దనే పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాలు కూడా చెప్పాయి.

ఏప్రిల్, మే నెలల్లో మానేయాలా?

మానక్కరలేదు, వేళ మార్చాలి. నలభై డిగ్రీలు దాటే రోజుల్లో రేకుల షెడ్డులోని జిమ్ సాయంత్రం ఆరింటికి కూడా పొయ్యిలాగే ఉంటుంది. పొద్దున ఐదున్నరకు మొదలుపెట్టి ఏడింటిలోపు ముగించండి. వేడికి ఒళ్లు అలవాటు పడడానికి వారం, రెండు వారాలు పడుతుంది. ఆ రోజుల్లో సెట్లు తగ్గించి, మధ్యలో విశ్రాంతి పెంచాలి. దాహం వేసేదాకా ఆగకుండా నీళ్లు, ముగిశాక ఉప్పు వేసిన మజ్జిగ తాగాలి. తల తిరగడం, వికారం, తడబాటు కనిపిస్తే ఆపి నీడకు చేరి ఒంటిని తడపాలి.

రంజాన్ ఉపవాసాల్లో, అయ్యప్ప దీక్షలో చేయవచ్చా?

చేయవచ్చు. రంజాన్‌లో ఇఫ్తార్ తర్వాత గంట, గంటన్నర ఆగి చేయడం అన్నిటికన్నా సుఖం. దీక్షలో ఒంటిపూట భోజనం చేసేవారు మండలం రోజులూ బరువు పెంచే ఆలోచన మానుకుని, ఉన్నదాన్ని నిలబెట్టుకునేలా ఒకటి రెండు సెట్లతో సరిపెట్టుకుంటే చాలు. ఇద్దరికీ పప్పుధాన్యాలు, పాలు తగ్గకుండా చూసుకోవడం ముఖ్యం.

## జబ్బులు, వయసు

షుగర్ ఉంది. డాక్టరు నడవమన్నారు. బరువులు ఎత్తవచ్చా?

ఎత్తవచ్చు, ఎత్తడం మేలు కూడా. తిన్న తర్వాత రక్తంలోకి వచ్చే గ్లూకోజును ఎక్కువగా దాచుకునేది కండరమే, పని చేస్తున్న కండరం ఇన్సులిన్ సాయం లేకుండా కూడా దాన్ని లాక్కోగలదు. ఇన్సులిన్ తీసుకునేవారికి, గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు వేసుకునేవారికి వ్యాయామంలో షుగర్ పడిపోయే ప్రమాదం ఉంది: మొదటి వారాల్లో ముందూ తర్వాతా పరీక్షించుకోవాలి, జేబులో గ్లూకోజు పొట్లం ఉండాలి. కంటి వెనక పొరలో రక్తనాళాలు దెబ్బతిన్నవారు ముక్కుతూ పెద్ద బరువులు ఎత్తకూడదు. కంటి పరీక్ష చేయించుకున్నాకే మొదలుపెట్టండి.

బీపీ ఉన్నవాళ్లకు ప్రమాదం కాదా?

అదుపులో ఉన్న రక్తపోటుకు తేలికపాటి, మధ్యస్థ బరువులు ప్రమాదం కాదు. ప్రమాదం ఊపిరి బిగబట్టడంలో ఉంది. బిగబట్టి ఎత్తితే ఆ క్షణంలో పోటు ఎగసిపోతుంది. ఎత్తేటప్పుడు ఊపిరి వదలాలి, దించేటప్పుడు పీల్చాలి. విశ్రాంతిగా ఉన్నప్పుడే 180, 110 ఉంటే ముందు మందులతో అదుపులోకి తెచ్చుకోవాలి.

మా నాన్నకు డెబ్బై. ఇప్పుడు మొదలుపెట్టి ఏం లాభం?

ఎనభై దాటినవారిలోనూ కండరం వ్యాయామానికి స్పందిస్తుంది. కుర్చీని గోడకు ఆనించి, చేతులు వాడకుండా కూర్చుని లేవడం ఐదుసార్లతో మొదలుపెట్టించండి. చేతులు లేకుండా లేవలేకపోతే కుర్చీ మీద దిండు వేసి ఎత్తు పెంచండి, వారాలు గడిచేకొద్దీ దిండు తీసేయండి. తర్వాత ద్వారబంధం పట్టుకుని మడమలు పైకెత్తడం, ఒంటికాలి మీద నిలబడడం చేర్చాలి. అరవై ఐదు దాటినవారికి తూలిపడకుండా కాపాడే ఇలాంటి వ్యాయామాలు వారానికి మూడు రోజులైనా ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. గుండె జబ్బు ఉంటే ముందుగా వైద్యుడిని అడగండి.

మా ఊరి బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. మెడ, మోకాళ్లు బిగుసుకుపోయాయి.

మన జిల్లాలో ఇది చాలా ఊళ్ల బాధ. ఫ్లోరోసిస్ వచ్చిన ఎముక ఎక్స్‌రేలో గట్టిగా కనిపించినా పెళుసుగా ఉంటుంది, కాబట్టి బరువులకు ముందు వైద్యుడి చేత చూపించుకోవాలి. ఆయన సరేనన్నాక కూడా రాడ్ వద్దు. నొప్పి లేనంత మేర కీళ్లు కదిలించడం, రబ్బరు పట్టీతో నెమ్మదిగా లాగడం చాలు. తాగే నీరు మార్చకుండా వ్యాయామం మాత్రమే చేస్తే ఫలితం ఉండదు.

## అలవాటైన తర్వాత

కానిస్టేబుల్ ఉద్యోగానికి తయారవుతున్నాను. బరువులు ఎత్తితే పరుగు మందగిస్తుందా?

వారానికి రెండు రోజులైతే మందగించదు, పైగా పిక్కల, మోకాళ్ల గాయాలు తగ్గుతాయి. 1600 మీటర్ల పరుగుకు దమ్ము, 100 మీటర్లకూ లాంగ్ జంప్‌కూ కాళ్ల బలం కావాలి. వేగంగా పరుగెత్తే రోజు సాయంత్రమే బరువులు ముగించుకుని, మర్నాడు తేలికగా జాగింగ్ చేయండి. రెండూ ఒకేసారి చేయాల్సి వస్తే ముందు పరుగే. పరీక్షకు పది రోజుల ముందు బరువులు సగానికి తగ్గించండి.

పొట్ట తగ్గడానికి ఏ వ్యాయామం చేయాలి?

పొట్ట దగ్గరి కొవ్వును మాత్రమే కరిగించే వ్యాయామం లేదు. కండ పెరిగితే కూర్చున్నా కొవ్వు కరుగుతుందనే ప్రచారాన్ని కూడా తగ్గించి వినండి: కిలో కండ విశ్రాంతిలో రోజుకు ఖర్చు పెట్టేది సుమారు 13 కాలరీలు, మూడు కిలోలు పెరిగినా ఒక ఇడ్లీ పాటి. తిండి తగ్గించి బరువు దిగుతున్నప్పుడు కొవ్వుతోపాటు కండ కూడా పోకుండా కాపాడడం బరువుల అసలు ఉపకారం.

మా కోచ్ ఒక ఇంజెక్షన్ వేయించుకుంటే మూడు నెలల్లో బాడీ వస్తుందంటున్నాడు.

వద్దు. ఆ జిమ్ కూడా మార్చండి. బయటి నుంచి టెస్టోస్టెరాన్ తరహా మందు ఎక్కిస్తే ఒళ్లు సొంతంగా తయారు చేసుకోవడం ఆపేస్తుంది. వృషణాలు కుంచించుకుపోతాయి, వీర్యకణాలు తగ్గుతాయి, గుండెకు చేటు కలుగుతుంది. నా దగ్గర చదువుకున్న ఒక పిల్లవాడు ఇలాగే ఒక జిమ్‌లో సూదులు వేయించుకుని, పెళ్లయ్యాక పిల్లల కోసం ఆసుపత్రుల చుట్టూ తిరిగాడు. సూది వేసినతను అప్పటికి ఊళ్లో లేడు.

పెళ్లిళ్ల సీజన్లో నెల రోజులు మానేశాను. మళ్లీ మొదటి నుంచా?

కాదు. రెండు మూడు వారాల వరకు బలం పెద్దగా తగ్గదు, నెలకు తగ్గినది కూడా త్వరగానే తిరిగి వస్తుంది. డైరీలో చివరిసారి రాసిన బరువులో మూడు వంతులకు కాస్త అటూ ఇటూగా, అంటే నలభై కిలోలు ఎత్తిన మనిషి ముప్పైతో, రెండేసి సెట్లు చేసి ఇంటికి వెళ్లండి. మూడో వారానికి పాత అంకె దగ్గరికి వస్తారు.